ఇంజన్ మీద పోసిన టెంకాయ నీళ్లు

నేను ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు ఒక టెంకాయంత. అది కూడా నీళ్లు తీసేసిన టెంకాయ. నవ్వొస్తే నవ్వండి. జనాన్ని నవ్వించడమే కదా నేను ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని. పెళ్లింట్లో, చావింట్లో, బస్సు చెడిపోయి నిలబడ్డ చోట, ఎక్కడ నలుగురు మొహాలు వేలాడేసుకుని కనిపించినా నేనొక మాట వదిలేవాణ్ణి. మొహాలు పైకి లేచేవి. అదొక సేవ అనుకునేవాణ్ణి. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే మీ దాకా రావలసిన పనేముంది, నేరుగా మా బావ దగ్గరికే పోయుండేవాణ్ణి.

మా బావ, అంటే అక్క మొగుడు, డ్రైవరు. పూతలపట్టులో ఉంటూ ఇంకొకరి కార్లు తోలేవాడు. ఆయన గురించి ఊరంతా ఒప్పుకునే మాట ఒకటుంది. ఆ మనిషి అబద్ధమాడడు. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. తిరుపతికి ఎంతసేపట్లో పోతాం అని ఎవరైనా అడిగితే నిజంగా ఎంతసేపు పడుతుందో చెప్పేవాడు. అడిగినవాళ్లు వేరే కారెక్కి పోయేవాళ్లు.

అలాంటి మనిషి ఫైనాన్సు తీసుకుని తిరుపతి షోరూములో సొంత కారు కొన్నాడు. కొత్తది. పసుపు నంబరు ప్లేటు. కొండకు భక్తులను తోలుకుని కంతులు కట్టేయొచ్చని లెక్క. మా పక్క కొత్త బండిని నేరుగా ఇంటికి తేరు. కాణిపాకం తీసుకుపోయి వినాయకుడి దగ్గర పూజ చేయించాకే వాకిట్లోకి తెస్తారు. అదే వినాయకుడి ముందు తడి బట్టలతో ప్రమాణం చేసి అబద్ధమాడితే మనిషి బాగుపడడని కూడా మా పక్క నమ్మకం. ఒకే గుడిలో బండికి బొట్టు, మనిషికి ఒట్టు.

ఆ రోజు అయ్యవారు బానెట్ మీద పసుపుకుంకుమలు పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. టెంకాయ కొట్టి, ఆ నీళ్లు పసుపునీళ్లు మిగిలిన మా చెంబులోకే పట్టి నా చేతికిచ్చాడు. బావా అక్కా దర్శనానికి లోపలికి పోయారు. బండికి కాపలా నేను. మా వెనక ఇంకో కొత్త బండి వరసలో ఉంది. దాని యజమాని, తెల్ల చొక్కా, మంచి మనిషే, మా కారును చూసి ఇంజన్ ఎలా ఉంటుందని అడిగాడు. బానెట్ ఎత్తాను. ఊరికే చూపించి దించేస్తే నేనెందుకవుతాను? “పైన పైన పూజ చేసేసి పోతే లోపల పనిచేసే దానికి కోపం రాదా అన్నా?” అన్నాను. చెంబు ఎత్తి, మంత్రాల్లాంటివేవో గొణుగుతూ, ఇంజన్‌కు అభిషేకం చేశాను. చెంబు ఖాళీ అయ్యేదాకా.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చాలు కదా. నాకు అదే కదా కావలసింది. ఆయన్ను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆయన ఊరేదో కూడా తెలియదు.

అక్క వచ్చి చెంబులోకి తొంగిచూసింది. “టెంకాయ నీళ్లేవిరా? మీ బావకు తీర్థం ఇయ్యాల.” తాగేశాను అన్నాను. “దేవుడికన్నా ముందు నీకే ఎక్కినట్టుండాదే నైవేద్యం” అంది. అందరం నవ్వుకుంటూ కారెక్కాం. మొదటి అబద్ధం అంత సులువుగా దిగిపోయింది గొంతులోంచి. తీర్థం లాగే.

కొన్నాళ్లకే కారు మొండికేసింది. ఘాట్ రోడ్డు మలుపులో, వెనక బస్సులు హారన్లు కొడుతుంటే ఆగిపోయింది. ఎక్కిన భక్తులే దిగి గోవింద నామం చెబుతూ తోశారు. వాళ్లకు పుణ్యం. బావకు తలవంపులు. షోరూముకు తీసుకుపోతే కడిగి, తుడిచి, ఇప్పుడు చూడండి సార్ అని ఇచ్చారు. మళ్లీ ఆగింది. మళ్లీ కడిగారు. కారు మెరిసేది, కదిలేది కాదు. నేను దానికి శయన వినాయకుడు అని పేరు పెట్టాను. బావ కూడా నవ్వాడు. ఆయన నవ్విన ప్రతిసారీ చెప్పేయడం ఇంకొంచెం కష్టమయ్యేది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఏమవుతుంది, రెండు తిట్లు తింటాను. రెండు తిట్లకు భయపడే మనిషినా నేను? కాదు. మరి ఎందుకు చెప్పలేదు? వెర్రివాడిగా కనపడటం నాకు ఇష్టమే, నేను వేషం వేసినప్పుడు. నిజంగా వెర్రివాణ్ణని తేలడం ఇష్టం లేదు. ఇంతకన్నా గౌరవమైన కారణం నేను చాలా వెతికాను. దొరకలేదు.

చివరకు బావ చిత్తూరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు. కారు మార్చివ్వాలి, లేదంటే డబ్బు వాపసివ్వాలి. మా లాయరు ఇంజనీరింగ్ కాలేజీ సారు ఒకాయన చేత బండిని పరీక్ష చేయించాడు. డీజిల్ పంపు తయారీలోనే లోపం ఉందని ఆయన రాసిచ్చాడు. బావ ఆ రోజు మా అందరికీ బిర్యానీ పెట్టించాడు. తరువాత కంపెనీ జవాబు వచ్చింది. బండి కొన్నవాళ్లే ఇంజన్ మీద ఏదో ద్రవం పోశారు, వైర్ల దగ్గర జిగట పట్టి ఉంది, మాకేం సంబంధం అని.

లాయరు గారి వరండాలో జరిగింది ఆ మాట. కోర్టు దగ్గర సందులో, ముగ్గురం ప్లాస్టిక్ కుర్చీల్లో. లాయరు కళ్లద్దాల పైనుంచి బావను చూశాడు.

“ఏమప్పా, పూజలో గీజలో ఇంజన్ మీద ఏమన్నా పోసినారా? నా దగ్గర దాచొద్దు.”

“లేదు సార్. నేను దర్శనానికి పోయినాను. వీడే ఉండె బండికాడ.” బావ నా వైపు తిరిగాడు. “రేయ్, నువ్వు ఆడే ఉంటివి గదా. ఎవురన్నా ఏమన్నా పోసినారా?”

ఆయన కళ్లలో అనుమానం లేదు. అదే నన్ను చంపింది. అనుమానం ఉండుంటే ఒప్పుకునేవాణ్ణేమో.

“పోసినారు బావా,” అన్నాను. “సాంబారు. ఇడ్లీలు ఆరిపోతాండాయని.”

లాయరు నవ్వాడు. ఆయన గుమాస్తా లోపల్నుంచి నవ్వాడు. బావ నా వీపు మీద ఒకటి చరిచి, “నోరు మూసుకోని గమ్మునుండు రా నాయనా” అన్నాడు. ప్రశ్న అక్కడితో అయిపోయింది. చూశారా, నేను అబద్ధం కూడా ఆడలేదు. నవ్వించాను, అంతే. నిజం బయటికి రావలసిన తలుపు దగ్గర ఒక జోకును అడ్డంగా కూర్చోబెట్టాను.

ఎవరూ ఏమీ పోయలేదని బావ ప్రమాణపత్రం ఇచ్చాడు. తోడుగా నేనూ ఇచ్చాను. సంతకం వంకర పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఎప్పటికన్నా అందంగా వచ్చింది సంతకం.

మేమిచ్చేదాకా ఆగి, కంపెనీ లాయరు అప్పుడు కమిషన్ ముందు బయటపెట్టాడు ఫోటోలు. మొదటిసారి కడగక ముందు షోరూమువాళ్లు తీసుకున్నవి. బానెట్ కింద, వైర్ల మధ్య, పసుపు. ఎండిన జిగట. ఒక మూల కొంచెం కుంకుమ. వాటిని చూసి నా ఇంజన్ ఆగిపోయింది. బావ మాత్రం గట్టిగా, “వాళ్లే పోసి ఫోటో తీసుకున్నారు సార్” అన్నాడు. తను నమ్మిందే అన్నాడు. ఆ హాల్లో నిజం మాట్లాడుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి ఆయన ఒక్కడే. ఆయన చెబుతున్నదే తప్పు.

కేసు కొట్టేశారు. ఫిర్యాదుదారు నిజం దాచి వచ్చాడు, అందువల్ల ఆయన తెచ్చిన మిగతా సాక్ష్యాన్ని కూడా నమ్మలేం అని తీర్పులో ఉంది. లాయరు దాన్ని తెలుగులో విడమరిచి చెప్పాడు. చెప్పి, మెల్లగా ఇంకో మాట అన్నాడు. పోశామని మొదటే చెప్పి ఉంటే గెలిచేవాళ్లమట. ఆ నీళ్లు పడింది వైర్ల మీద, లోపం ఉన్నది పంపులో, రెంటికీ సంబంధం లేదని నిరూపించడం పెద్ద పని కాదట. ఓడించింది నీళ్లు కాదప్పా, పోయలేదని మీరు చెప్పిన మాట అన్నాడు.

ఈ వాక్యం మీకు అర్థమైందా? నాకైతే ఆ కుర్చీలోనే అర్థమైంది. నేను పోసిన దానివల్ల కారు చెడలేదు. నేను దాచినదానివల్ల మా బావ ఓడిపోయాడు.

పై కమిషన్‌కు పోదామంటే బావ ఒప్పుకోలేదు. “అబద్ధాలకోరని రాసేసినాక ఇంకేం మొగం పెట్టుకోని అడిగేది సార్” అన్నాడు. కారును ఫైనాన్సువాళ్లు తీసుకుపోయారు. లారీ మీద ఎక్కించారు. తనంతట తాను పోలేదు కదా. ఈ జోకు అప్పుడే తట్టింది నాకు. పైకి అనలేదు. అదొక్కటే నేను మింగిన జోకు, దానికి మెచ్చుకోమని అడగను.

బావకు కారు పోయినందుకు నిద్ర కరువు కాలేదు. తన మాట పోయినందుకు కరువైంది. కాణిపాకంలో ప్రమాణం చేద్దాం రమ్మని షోరూము మేనేజరుకు కబురు పెట్టాడు. ఆయన రాలేదు. బావ ఒక్కడే పోదామనుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. నా పక్కన నిలబడి నువ్వూ ఒక మాట చెప్పు, అంతే అన్నాడు. గుడి దాకా పోయాను. అక్కడికి పోయాక కడుపునొప్పి అన్నాను. కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి దేవుడి ముందు ఎందుకు ఆగానంటారా? భక్తా? భయమా? దేవుణ్ణి నవ్వించి తప్పించుకోలేనని తెలిసి కావచ్చు. బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను.

ఆయన తలస్నానం చేసి తడిపంచెతో లోపలికి పోయి, తన మనుషులెవరూ ఆ బండి మీద చుక్క కూడా పోయలేదని కర్పూరం ఆర్పి ఒట్టేసి వచ్చాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. మొహం తేటగా ఉంది. “అయిపోయిందిరా. ఎవురు పోసినారో ఇంక వినాయకుడే సూసుకుంటాడు” అన్నాడు. నా చేతిలోంచి చెప్పులు తీసుకున్నాడు.

అప్పటి నుంచి నేను కాచుకునే ఉన్నాను. స్కూటరు పంచరైతే మొదలైందనుకుంటాను. జలుబు చేస్తే ఇదేనేమో అనుకుంటాను. ఏమీ కావడం లేదు. ఉద్యోగం వచ్చింది, జీతం పెరిగింది, ఒళ్లు చేశాను. తప్పుడు ప్రమాణం అని తెలియక చేసిన మనిషి మాత్రం ఇల్లు వదిలి తడలో ఇంకొకరి వ్యాను తోలుతున్నాడు, సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలకు పనివాళ్లను చేరవేస్తూ. అక్క ఇక్కడ, ఆయన అక్కడ.

మొన్న ఫోన్ చేశాడు. తనతో పనిచేసే డ్రైవరు కొత్త కారు కొన్నాడట, పూజ ఎక్కడ చేయిస్తే మంచిదని అడిగాడట. “నేనేం చెప్పినానో తెలుసునా? యాడన్నా చేయించు, బానెట్ మాత్రం ఎత్తొద్దప్పా, పోయకపోయినా పోసినావంటారు అని చెప్పినా” అని తనే నవ్వాడు. నవ్వి ఆగాడు. ఇప్పుడు నేనొకటి అంటానని. ఎప్పుడూ అంటాను కదా.

నాకేమీ రాలేదు. “ఏంరా, గమ్మునుండావు?” అన్నాడు. సిగ్నల్ సరిగా లేదు బావా అని పెట్టేశాను.

దాని తరువాతే ఇది రాయడానికి కూర్చున్నాను. బావా అని మొదలుపెడితే చెయ్యి కదల్లేదు. మీతో మొదలుపెడితే కదిలింది. దీన్ని ఆయనకు పంపుతానని మాట ఇవ్వను, నా మాటకు విలువెంతో మీకు ఇప్పుడు తెలుసు. క్షమించమనీ అడగను. క్షమించవలసిన మనిషి మీరు కాదు.

పోసింది నేనే బావా.

రాసి చూసుకున్నాను. చిన్న వాక్యం. ఇందులో నవ్వడానికేమీ లేదు, దీని వెనక ఇంకో మాట చేర్చబుద్ధి కావడం లేదు.