ఓడ ఎక్కేదాకా

ఆరేళ్లుగా ఒక సంగతి నా లోపల బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో. లేక చెప్పాలని నిజంగానే ఉందా? అదీ సరిగా తెలియడం లేదు.

నేను చదివింది పదో తరగతి. గురజాలలో ఎరువుల కొట్లో గుమస్తాని. మిగతా చదువంతా గ్రంథాలయంలోదే. సాయంత్రం కొట్టు కట్టేశాక అక్కడికి వెళ్లి, హోమియో వైద్యం, భూమి చట్టాలు, వాణిజ్య పదకోశం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. అది నాకెంత ఇష్టమో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. తెలియదు అనే మాట నా నోట ఎవరూ వినలేదు.

మా పక్కింటాయన మిరపకాయల వ్యాపారి. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఎప్పుడూ గుంటూరు యార్డుకే సరుకు వేసే ఆయన, ఆ ఏడు మొదటిసారి మలేషియాకు పంపడానికి ఒప్పుకున్నాడు. ఒప్పందంలో ధర పక్కన ఎఫ్‌ఓబీ అని ఉంది. రేవులో పనులు చూసే ఏజెంటు ఫోన్ చేసి, ఓడ ఎక్కేదాకా సరుకుకు బీమా చేయించమంటారా అని అడిగాడట. బాబాయ్ ఆ కాగితం పట్టుకుని వచ్చి, ఎఫ్‌ఓబీ అంటే ఏమిటని నన్నడిగాడు.

నేను తడుముకోలేదు. సరుకు మన గోడౌన్ గేటు దాటితే ఆపైన ఏం జరిగినా కొన్నవాడిదే బాధ్యత, బీమా మనకెందుకు అన్నాను. మావాడుండగా ఏజెంటును అడిగేదేముందని బాబాయ్ నవ్వి, బీమా వద్దని చెప్పేశాడు.

రెండు రోజుల తర్వాత పదకోశం మళ్లీ తీశాను. ఎందుకు తీశాను? అనుమానం ఉండబట్టే అయి ఉంటుంది. గేటు దగ్గర అమ్మినవాడి బాధ్యత తీరిపోయేది ఎక్స్‌వర్క్స్ అనే వేరే పద్ధతిలో. ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ ఎక్కేదాకా అమ్మినవాడిదే భారం. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. ఎప్పుడో చదివి, ఒకదాని అర్థం ఇంకోదానికి అంటగట్టుకున్నాను.

లారీ బయలుదేరేది మర్నాడు పొద్దున. చెప్పడానికి ఇంకా సమయం ఉంది. ఆ సాయంత్రమే గోడౌన్ దాకా వెళ్లాను కూడా. ఇరవై ఏళ్లుగా బాబాయ్ సరుకు తోలే మస్తాన్ మామ తన లారీ మీద నిలబడి సంచుల మీద టార్పాలిన్ పట్టా కడుతున్నాడు. కాసేపు చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పింది తప్పు అని బాబాయ్‌తో అనడానికి నోరు రాలేదు. ఒక్క లోడేగా, ఏమవుతుందిలే అనుకుని వచ్చేశాను.

దారిలో గాలివాన పట్టుకుంది. పట్టా చినిగి సంచులు తడిశాయి. రేవు దగ్గర నాలుగు రోజులు ఉండేసరికి కాయకు బూజు పట్టింది. కొన్నవాళ్లు వద్దన్నారు. ఓడ ఎక్కలేదు కాబట్టి నష్టం మీదేనని ఏజెంటు చెప్పాడు.

బాబాయ్ నన్ను గోడౌన్‌కు పిలిపించాడు. మస్తాన్ మామ ఒక పక్కన నిలబడి ఉన్నాడు.

“ఏందిరా ఇది? గేటు దాటితే మనకేం సంబంధం లేదంటివి గదా. వాడేమో ఓడ ఎక్కేదాకా మనదే అంటన్నాడు,” అన్నాడు బాబాయ్.

“నేను చెప్పింది సరైందే బాబాయ్,” అన్నాను. “కాకపోతే డ్రైవరు అజాగ్రత్తగా ఉంటే ఆ రూలు చెల్లదు. పట్టా సరిగ్గా కట్టకపోతే తిరిగి మన మీదికే వస్తది.”

అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడికక్కడ పుట్టించాను.

మస్తాన్ మామ నా వైపు తిరిగాడు. “నేను పట్టా గట్టేటప్పుడు నువ్వు ఈడనే ఉంటివి గదా అబ్బయ్యా. ఎట్టా గట్టినానో నువ్వే చెప్పు.”

“ఉన్నా మామా. నేను అటు సరిగ్గా చూళ్లేదు.”

“అట్టయితే నేనేం జెప్పేది ఇంక. చానా పుస్తకాలు జదివినోడివి. నీ మాటే నిలబడుద్ది.” కోపంగా కూడా అనలేదు.

బాబాయ్ ఆ రోజుతో ఆయనకు లోడు ఇవ్వడం మానేశాడు. మాట మిగతా వ్యాపారులకూ పాకింది. ఏడాది తిరక్కుండా ఆయన లారీ అమ్ముకున్నాడు. ఇప్పుడు పిడుగురాళ్ల వైపు క్వారీలో వేరేవాళ్ల టిప్పరు తోలుతున్నాడు.

సరుకు భారం ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి ఎక్కడ మారుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నా తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం తేలడం లేదు. తెలియకుండా చెప్పినప్పుడా? తెలిశాక ఊరుకున్నప్పుడా? నేను అర్థం సరిగ్గా చెప్పినా వాన వచ్చేదే, పట్టా చినిగేదే, కాకపోతే బీమా ఉంటే బాబాయ్‌కి నష్టం ఎవరి మీద వేయాలా అని వెతికే పని ఉండేది కాదేమో, ఉన్నా నా మాట అవసరపడేది కాదేమో. ఇలా ఎంతసేపైనా ఆలోచించగలను. ఆలోచిస్తున్నంతసేపూ నేను తప్పించుకునే దారి చూసుకుంటున్నానని కూడా అనిపిస్తుంది.

మొన్న బాబాయ్ ఇంకో ఒప్పందం తెచ్చి చదవమన్నాడు. ఈసారి ప్రతి పదం పుస్తకంలో చూసి, బీమా తప్పకుండా చేయించమన్నాను. “అప్పుడు మస్తాన్ మనల్ని ముంచాడు గానీ,” అన్నాడాయన, మామూలుగా. నేను తలూపాను. అవును, మొన్న కూడా తలూపాను. అందుకే ఇది రాస్తున్నాను.

మస్తాన్ మామకు ఈ మాట చేరదు. బాబాయ్‌కి చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. మీకైనా ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ సాయంత్రం నేను సరిగ్గానే చూశాను. ఆయన రెండు వైపులా తాడు లాగి, కాలితో తన్నిపెట్టి ముడి వేశాడు. దిగి చుట్టూ తిరిగి, ఒక మూల వదులుగా ఉందని మళ్లీ ఎక్కి కట్టాడు. పట్టా గట్టిగానే కట్టాడు.