ఊపిరితో మొదలయ్యే శబ్దం

మా మేనమామ పోయాడని నాటక బృందం వాళ్ళకు నేనే ఫోన్లు చేశాను. మొదట ఎత్తినవాడు నవ్వాడు. "ఏమప్పా, ఈసారి మామనే సంపేసినావా?" అని పెట్టేశాడు. ఎప్పుడూ ఉత్తుత్తి కబుర్లతో అందరినీ ఆటపట్టించే నా నోటి చలవ అది. చివరికి ఫోను అత్త చేతికిచ్చి ఆమె ఏడుపు వినిపిస్తే గానీ ఆయన చావును ఎవరూ నమ్మలేదు.

మామ పౌరాణిక నాటకాలకు కీబోర్డు వాయించేవాడు. కర్నూలు, కడప వైపు తిరునాళ్ళలో నాటకం చూసినవాళ్ళకు కూడా ఆయన మొహం తెలియదు. తెర పక్కన మూలకు కూర్చునేవాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పద్యం ఎత్తుకునే ముందు, వెనకాల సన్నగా ఒక శబ్దం లేచేది. అదీ ఆయన. పద్యం సగం అర్థం కానివాళ్ళు కూడా ఆ శబ్దానికే కొంగు, తువ్వాలు వెతుక్కునేవాళ్ళు.

అది కీబోర్డుతో పాటు వచ్చిన శబ్దం కాదు, మామ తయారు చేసుకున్నది. కంపెనీవాడిచ్చిన వయొలిన్ మరీ తళతళలాడుతోందని దాని పదును కోసేశాడు. కింద పాత హార్మోనియం గొంతు కలిపాడు. రెంటికీ శ్రుతిలో వెంట్రుకవాసి ఎడం పెట్టాడు. మీట నొక్కితే ముందు కాస్త గాలి, ఆ తర్వాతే స్వరం వచ్చేది.

"ఇంత తంటా ఎందుకు మామా? ఏ శబ్దం పెట్టినా స్వరం అదే కదా?" అన్నాను ఒకసారి.

"స్వరం అదేరా, మనిషి వేరు. ఏడ్చేటోనికి ఊపిరి ముందొస్తాది, మాట ఎనకొస్తాది. ఎవడన్నా గంట కొట్టినట్టు ఠంగుమని ఏడుస్తాడా?"

బృందంలో నాది హాస్యం వేషం. పదో తరగతి గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చినవాడికి ఇంకేం ఇస్తారు? ఒక రిహార్సల్లో మామ నీళ్ళ చెంబు కోసం వంగినప్పుడు కుక్క మొరిగే బటను నొక్కాను. ఆయన వేళ్ళు పడగానే స్వరానికొక కుక్క. తల్లి వేషం కట్టే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మామ బటను మార్చలేదు, నన్ను తిట్టలేదు. కీబోర్డు మీది గుండ్రటి మరలు తిప్పుతూ ఆ మొరుగు మొన విరిచాడు, మెల్లగా లేచేలా సాగదీశాడు, ఎక్కడో దూరాన మోగుతున్నట్టు చేశాడు. కుక్క కాస్తా, కొండ అవతల ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టయింది. గదిలో నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు నవ్వు అల్లుడా," అన్నాడు.

ఏ మాట ఏ గొంతుతో అనాలో ఆ తర్వాతే నాకు తెలిసింది. నా హాస్యం నాలుగు ఊళ్ళలో పండిందంటే ఆయన పుణ్యమే.

ఆ ఏడుపు శబ్దాన్ని పెన్‌డ్రైవులో దాచుకోమంటే, "నేను ఈడనే ఉండా కదప్పా" అనేవాడు. ఎదురుగా ఉంటే ఇప్పుడు నాలుగు తిట్టేవాణ్ణి.

మాలో ఒక పద్ధతి ఉంది. కళాకారుడు పోతే దినం నాడు పటం పక్కన ఆయన వాయిద్యం పెట్టి తోటివాళ్ళు వాయించాలి. అత్త దానికోసమే కాచుకుంది. "మీ మామ శబ్దం ఒక్కసారి ఇనిపియ్యండప్పా, శానా పుణ్యముంటాది," అని అందరినీ అడిగింది. ఈలోగా మైల తియ్యాలని ఆమె తమ్ముడు గిన్నెలకూ గోడలకూ చల్లినట్టే కీబోర్డు మీదా పసుపు నీళ్ళు చెంబుతో చల్లాడు. శుద్ధి బ్రహ్మాండంగా అయింది. రిపేరు చేసినాయన దాన్ని ఆరబెట్టి, లోపల దాచినదంతా చెరిపేసి, కొన్ననాటి లాగ చేసిచ్చాడు. "పలుకుతాంది కదన్నా, ఇంకేం కావల్ల?" అన్నాడు.

దినం నాడు మా హార్మోనియం పెద్దాయన ఆ కీబోర్డు మీద తల్లి పద్యాన్నే వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. ఫోను చేస్తే కాసేపు ఆగమని వినిపించే పాటలాగుంది. ఎవరి కన్నూ తడవలేదు.

"ఇది కాదప్పా," అంది అత్త నాతో. "నువ్వు ఆయన పక్కనే ఉంటివి కదా. తిప్పు."

తిప్పాను. ఎటు తిప్పాలో నాకు తెలుసు, ఎంత తిప్పాలో మామ వేళ్ళకు తెలుసు. శబ్దం మసకబారింది గానీ ఏడుపు రాలేదు. ఇంకాస్త తిప్పాను. ఉన్నదీ పోయింది. మామను మట్టిలో పెట్టి వచ్చేటప్పుడు, ఇంట్లో ఇంకా కాస్త మిగిలే ఉన్నాడనుకున్నాను.

పందిట్లో భోజనాలకు లేవమని పిలుస్తున్నారు. అత్త లేవలేదు. స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, బిడ్డకు జ్వరం చూసినట్టు, అట్లాగే కూర్చుంది.