ఎర్రగుడ్డ కట్టిన తలుపు

నా ఐదేళ్ళ పీహెచ్‌డీ మీద ఒట్టు. అంతకన్నా విలువైనది నా దగ్గర ఏదీ లేదు కాబట్టి దాని మీదే ఒట్టేస్తున్నాను. ఇది నాకు జరిగింది. మా పిన్ని కూతురికో, హాస్టల్లో ఎవరి రూమ్మేట్‌కో కాదు... నాకు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

నేను దెయ్యాల్ని నమ్మను. ఇప్పటికీ నమ్మను. అదే నా బాధ. నమ్మేదాన్నైతే ఒక తాయెత్తు కట్టించుకుని హాయిగా పడుకునేదాన్ని.

రాజాం దాటాక బొబ్బిలి వెళ్ళే దారిలో ఒక కాలేజీ. పేరొద్దు. అక్కడ ఫిజిక్స్ ల్యాబులో నా పని చీకట్లో వెలిగే పొడి తయారుచేయడం. దీపం ఆర్పాక గడియారం ముళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి చూశారా, అదే పొడి. స్ట్రాన్షియం అల్యూమినేట్ అని తెల్లగా ముగ్గుపిండిలా ఉంటుంది. అందులో చిటికెడు యూరోపియం, చిటికెడు డిస్ప్రోసియం. విరళ మృత్తికలని ఇంటర్లో బట్టీపట్టి పరీక్ష కాగానే మరిచిపోయిన మూలకాలే ఇవి. యూరోపియం ఆ ఆకుపచ్చ వెలుగునిస్తుంది. డిస్ప్రోసియం లోపల గుంటలు తవ్వి పెడుతుందనుకోండి. వెలుతురు పడ్డప్పుడు ఎలక్ట్రాన్లు ఎగిరి ఆ గుంటల్లో పడతాయి. తర్వాత చీకట్లో ఒక్కొక్కటే పైకి పాకి వస్తాయి. అలా వచ్చినప్పుడల్లా కాస్త వెలుగు. లోతు గుంటల్లో పడ్డవి మాత్రం రాలేవు... వేడి తగిలితే తప్ప. అరచెయ్యి ఆనించినా చాలు, ఆ మేర వెలుగు పెరుగుతుంది.

ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇక అప్పన్న మావ సంగతి. మా ల్యాబ్ అటెండరు. యాభై దాటిన మనిషి. నేను చేరిన మొదటిరోజే "ఏ ఊరమ్మా? ఎవరి తాలూకా?" అని ఆరా తీశాడు. పొందూరు పక్కన మా ఊరి పేరు చెప్పగానే, "ఓలమ్మ, ఏటికి ఆ గట్టున మీరు, ఈ గట్టున మేము. అయితే నాను నీకు మావనవుతాను" అని వరస తేల్చేశాడు. ఆ రోజు నుంచి నేను కోడల్ని. నా పొడికి మినుగురుపిండి అని పేరు పెట్టాడు. "కోడలా, నీ మినుగురుపిండి కూసింత మా గేది కొమ్ములకి రాసీమీ. రాత్రి తప్పిపోతే ఎతుక్కోక్కర్నేదు" అని ఏడిపించేవాడు. నాకు కోపం వచ్చేది. ఐదేళ్ళ చదువు గేదె కొమ్ములకా!

చీకటిగది ఆయనే కట్టాడు. స్టోరు గదికి కిటికీ మూయించి, గోడలకు నల్లగుడ్డ మూడు మడతలు కొట్టి, రెండంగుళాల చెక్క తలుపుకి లోపలివైపు థర్మకోల్ అతికించాడు. నేను పాత పొడితో రంగు కలిపి పూసిన రేకు ఒకటి మూల పడి ఉంటే, దాన్ని కూడా తెచ్చి ఆ థర్మకోల్ మీద బిగించాడు. చీకట్లో తలుపు ఎక్కడుందో తెలియాలి కదా అని. "మావా, అది వెలిగితే నా కొలతలు పాడైపోతాయి" అని అరిచాను. తర్వాత ఆలోచిస్తే ఇబ్బంది లేదనిపించింది. ఆ గదిలో ఎర్రబల్బు తప్ప వేరే వెలుతురు ఉండదు. ఎర్ర వెలుతురు ఈ పొడికి ఎక్కదు. నాలుగు రోజులు అలా ఉంచితే రేకు చచ్చిపోయినట్టే. ఉండనిచ్చాను.

ఆ గదికి ఒకటే నియమం. కొలత మొదలైతే తలుపు బయటి గొళ్ళేనికి ఎర్రగుడ్డ కడతాం. కట్టాక ఎవరూ తలుపు తియ్యకూడదు, కొట్టకూడదు, పిలవకూడదు. వెలుగు కొలిచే డిటెక్టరుని ఉంచే మా పెట్టె మూత సరిగా పడదు. పిసరంత వెలుతురు చొరబడినా రాత్రంతా చేసిన పని గంగలో కలిసినట్టే. ఈ నియమాన్ని నాకన్నా మావే గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి ప్రిన్సిపాల్ గారినే ఆపేశాడు. "ఎర్రగుడ్డ కట్టినాక దేవుడొచ్చినా బయట కూసోవలసిందే బాబూ" అని.

ఆ రాత్రి... వానాకాలం. డిటెక్టరు అరువు తెచ్చింది, పొద్దున్నే తిరిగి పంపేయాలి. కరెంటు పోయి అప్పటికే రెండుసార్లు కొలత చెడింది. ఇదే ఆఖరి అవకాశం. ఎనిమిదింటికి మొదలుపెడితే తెల్లారి ఐదింటి దాకా నడవాలి. ఆ బిల్డింగులో ఇంకెవరూ లేరు. మావ ఇంటికి పోవచ్చు. పోలేదు.

"ఆడపిల్లవి. ఒక్కర్తివీ ఎలాగుంటావు? నాను తలుపు కాడ తొంగుంటాను. నీ పని నువ్వు సూసుకో" అన్నాడు. తన ఫోను ఇంటి దగ్గర అత్త చేతిలో పెట్టి వచ్చాడట. నా ఫోను తెర వెలుగుతుందని నేనూ దాన్ని ఆయన చేతికిచ్చాను. చాప పరుచుకున్నాడు. నేను లోపలికి వెళ్ళాను. గుడ్డ కడుతున్న చప్పుడు వినబడింది.

ఎర్రబల్బు కూడా ఆర్పేశాను.

మీరెప్పుడైనా అసలైన చీకట్లో ఉన్నారా? కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కంప్యూటరు పక్కగదిలో. ఇక్కడ నేను, ఒక స్టూలు, పెట్టె. డిటెక్టరు ఫ్యాను సన్నగా... ఊఁ... అంటూ ఉంటుంది. బయట కప్పలు. తలుపు అవతల మావ గురక. ఆ గురక చాలా గొప్పది లెండి, మధ్యలో ఈల కూడా ఉంటుంది. ఎప్పుడూ చిరాకుపడేదాన్ని. ఆ రాత్రి మాత్రం అదే నాకు తోడు. దాన్ని వింటూ లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఎంతసేపైందో తెలియదు. గురక ఆగింది.

పక్కకి తిరిగి ఉంటాడులే అనుకున్నాను. ఫ్యాను... కప్పలు... అంతే. మళ్ళీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు.

అప్పుడు తలుపు వైపు ఏదో... మసక. కంటి అలసట అనుకున్నాను. చీకట్లో ఎక్కువసేపు ఉంటే కళ్ళు వాటంతట అవే మరకలు పుట్టిస్తాయి. కళ్ళు మూశాను. పోయింది. తెరిచాను... ఉంది. మళ్ళీ మూశాను. పోయింది. తెరిచాను.

ఉంది.

కంటి మరక అయితే తల తిప్పితే దానితోపాటు తిరగాలి. తల తిప్పాను. అది కదల్లేదు. తలుపు మీదే ఉంది. చచ్చిపోయిన రేకు మీద. ఆకుపచ్చగా.

నెమ్మదిగా పెరిగింది. ముందు ఒక గుండ్రటి మచ్చ. తర్వాత దాని పైన ఒక గీత... ఇంకో గీత... ఐదు. వేళ్ళు. విడదీసిన వేళ్ళు. ఎవరో అరచెయ్యి ఆనించినట్టు. నా మోకాలి ఎత్తులో ఉంది. నిలబడిన మనిషి చెయ్యి అక్కడ ఉండదు. నేలమీద కూర్చున్న మనిషిదైతే ఉంటుంది.

"మావా?" అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. గొంతు బయటికి వచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ చెయ్యి అలాగే ఉంది. ఉండి... ఉండి... కిందికి జారింది. మెల్లగా. వేళ్ళు ఐదూ ఐదు గీతలై కిందికి సాగాయి. గడప దాకా వచ్చి ఆగాయి. తర్వాత కొసల నుంచి ఒక్కొక్కటే ఆరిపోయాయి.

మళ్ళీ చీకటి.

నేను వెంటనే తలుపు తియ్యలేదు. కొలత పాడవుతుందని తియ్యలేదని అందరికీ చెప్పాను. మా గైడు సార్‌కి, ప్రిన్సిపాల్‌కి, మావ కొడుక్కి. మీకు నిజం చెప్తున్నాను. భయమేసింది. కాళ్ళు స్టూలు మీదికి లాక్కుని ముడుచుకుని కూర్చున్నాను. ఆ తలుపు అవతల ఏముందో చూడలేను అనిపించింది. ఫోను లేదు. కిటికీ లేదు. గదికి ఉన్నది ఒక్కటే తలుపు, ఆ చెయ్యి కనబడిందీ దాని మీదే. ఐదింటికి కొలత అయిపోయి పెట్టె అలారం మోగేసరికి తెల్లారుతుంది, అప్పుడు తీద్దాం అనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను.

కానీ గురక లేదు. ఆ గురక లేకపోవడమే భరించలేకపోయాను. చివరికి లేచి, తడుముకుంటూ వెళ్ళి, లోపలి గడియ లాగాను.

తలుపు లోపలికి తెరుచుకుంటుంది. దానితోపాటు మావ వెనక్కి వాలి నా కాళ్ళ మీద పడ్డాడు. తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడన్నమాట. వీపు... చెయ్యి కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి పోయింది. ఎడమచేతిలో నా ఫోను బిగించి పట్టుకుని ఉన్నాడు. తెర వెలుగుతోంది, లాక్ అడుగుతోంది. ఆయనకి నా లాక్ తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

తలుపు కొట్టలేదు. ఎర్రగుడ్డ ఉంది కదా. తను కట్టిన గుడ్డ.

వాచ్‌మన్‌ని కేకేశాను. నూట ఎనిమిది వచ్చింది. రాజాం, అక్కణ్ణుంచి శ్రీకాకుళం. పక్షవాతం అన్నారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. "ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బావుండేది" అని డాక్టరు మామూలుగా అన్నాడు. అందరికీ అనే మాటే కావచ్చు.

వారం తర్వాత కంప్యూటరులో ఆ రాత్రి కొలత గ్రాఫు గీత తీసి చూశాను. వెలుగు పొద్దుపోయేకొద్దీ నున్నగా కిందికి దిగుతూ వచ్చింది. మూడు దాటాక ఒకచోట చిన్న బొడిపె. అక్కణ్ణుంచి ఇరవై రెండు నిమిషాలకి గీత నిట్టనిలువుగా లేచింది. అది నేను తలుపు తీసినప్పటిది. మరి ఆ బొడిపె? నా కళ్ళు అబద్ధం చెప్తాయనుకుందాం. డిటెక్టరుకి భయం ఉండదు కదా!

మా సార్ చూసి, "కరెంటు తేడా వల్ల వచ్చిన నాయిస్. తీసేయ్" అన్నారు. అయ్యుండొచ్చు. లోతు గుంటల్లో మిగిలిన ఎలక్ట్రాన్లు వేడికి బయటపడ్డాయనీ అనుకోవచ్చు. కానీ వేడి ఎక్కడిది? రెండంగుళాల చెక్క, పైన థర్మకోల్ దాటి మనిషి చేతి వెచ్చదనం వస్తుందా? నేనే ఆ తలుపు బయట అరగంట అరచెయ్యి ఆనించి కూర్చుని చూశాను, లోపల ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి. ఏమీ రాలేదు. ఆరుసార్లు చేశాం. ఏమీ రాలేదు. దానికి నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

మొన్న మావ ఇంటికి వెళ్ళాను. మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. అత్త పక్కకి వెళ్ళినప్పుడు చెవి దగ్గర వంగి అడిగాను. "మావా... ఆ రాత్రి తలుపు మీద చెయ్యి పెట్టావా?"

నన్నే చూశాడు. కంట్లోంచి నీళ్ళు జారాయి. అంటే పెట్టాడనా? పెట్టలేదనా? అంతలో అత్త వచ్చి కొంగుతో తుడుస్తూ, "ఏటనుకోకు కోడలా. జబ్బొచ్చిన కాణ్ణించి ఇంతే. కాకి అరిసినా ఏడుస్తాడు" అంది. జవాబు మళ్ళీ నా చేతిలోంచి జారిపోయింది.

అత్త అన్నం మెత్తగా కలిపి చిన్న చిన్న ముద్దలు పెడుతోంది. సగం పెదవి పక్కనుంచి కారిపోతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు లోపలే ఉన్నావు కదమ్మా... ఏటీ ఇనబడనేదా?"

"లేదత్తా. ఏమీ వినబడలేదు" అన్నాను. అది నిజం. ఆ గీతలు సాగుతుంటే చిన్న చప్పుడైనా కాలేదు. కనబడిందా అని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. ఏం చూశానో తెలిస్తే కదా చెప్పడానికి!

ఆమె ఇంకో ముద్ద పెట్టింది. ఎడమచేత్తో నా తల నిమిరింది.

"పోనీలే. నువ్వేటి సేస్తావు? నీకు తెలిస్తే బేగి తలుపు తియ్యకపోదువా."