కొత్త డిస్కులకు పసుపు

తాండూరుల మా ఇంటి ముందట మా ఆయన పాత జీపు ముందరి చక్రాలు ఇప్పి, అరిగిన బ్రేకు డిస్కులు తీసి, కొనుక్కొచ్చిన కొత్తయి పక్కన పెట్టిండు. తెల్లారి, కడుపుతోటి నెలలు నిండిన మా బిడ్డను వికారాబాద్ డాక్టరమ్మకు చూపియ్యాలె. నడుమ ఘాటు రోడ్డు.

ఆయన చాయ్ తాగనీకె పోయిండు. కొత్త ఇనుము ఇంటికొస్తే మా దిక్కు పసుపు పెడ్తం గదా అని, నేను నూనెల పసుపు కలిపి కొత్త డిస్కులకు మంచిగ పూసిన.

ఆయనొచ్చి చూసి, "గిదేం పనే? నూనె తగిల్తె బ్రేకు పట్టదు" అన్నడు.

"బిడ్డ కోసమే పూసిన" అన్న.

"నాకెర్క లేదా," అని నవ్వి, పెట్రోల్‌ల ముంచిన బట్ట చేతికిచ్చిండు. ఇద్దరం కూసొని తుడిచినం.

బిగించినంక గల్లీ చివరిదాంక రెండు మూడుసార్లు తిప్పి, బ్రేకు తొక్కిండు. జీపు ఉన్నకాడ్నే ఆగింది.

"రేపు బిడ్డను ముందర కూసోవెట్టు, ఫికర్ లేదు" అన్నడు.