అడ్జస్ట్ అనే మాట, ఒక పిండికట్టు కాలు

అడ్జస్ట్ అనే మాట ధర్మవరం జంక్షన్‌లో పుట్టింది. సీటు దొరకని ఒక తెల్లదొరను మా నేతగాళ్లు పట్టుచీరల మూటల మధ్య ఇరికించి హిందూపురం దాకా తీసుకుపోయారని, ఊపిరాడక అతను మూలిగిన మూలుగే తర్వాత నిఘంటువుకెక్కిందని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. అబద్ధం. లాటిన్‌లో ‘దగ్గరికి చేర్చడం’ అనే అర్థం నుంచి వచ్చిందట.

దగ్గరికి చేర్చడమంటే ఏమిటో తొంభైల్లో మా ప్యాసింజరు రైలెక్కినవాళ్లకు లాటిన్ చెప్పనక్కర్లేదు. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ చోటు మనది. దాని మీద ఎవరూ కూర్చోరు. కానీ ‘రవ్వంత అడ్జస్ట్ చేసుకోండప్పా’ అని ఎవరైనా అంటే మాత్రం తువ్వాలు మడుచుకోవాలి. అది ధర్మం.

ఆ రోజు నా భార్య కాలికి పిండికట్టు. హిందూపురానికి వారానికొకసారి వచ్చే ఎముకల డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు. ఆలోగా చేరితే కట్టు కోసేస్తాడు, లేకపోతే ఇంకో వారం మోయాలి. నెలన్నరగా ఆమె ఆ రోజు కోసమే చూస్తోంది. అందుకని రెండు తువ్వాళ్లు వేశాను. ఒకటి ఆమెకు, ఒకటి ఆమె కాలికి.

బత్తలపల్లి రైతొకాయన వచ్చి చూసి, “ఏమప్పా, కాలికి గూడా టికెట్ తీసినావా?” అన్నాడు.

తీయలేదు. కాలు పక్కకు జరిపి ఆయన, ఆయన్ను జరిపి ఇంకొకరు సర్దుకున్నారు. పెనుకొండ వచ్చేసరికి ఆ బల్ల మీద ఇరవైమంది. సరే, ఏడుగురు. నేను మాత్రం నిలబడే ఉన్నాను.

పెనుకొండలో సాయిబుల అవ్వ ఒకామె ఎక్కింది. బెంగుళూరులో కూతురి కాన్పుకు పోతోందట, కబురొచ్చినప్పటి నుంచి కన్ను మూతపడలేదట. అలా చెబుతూనే నా భార్య కాలు ఎత్తి, ఆ చోట కూర్చుని, కాలు తన ఒళ్లో పెట్టుకుంది. ఇంత అడ్జస్ట్ అయితే ఇద్దరికీ చాలునంది. కాసేపటికి ఆ కట్టు మీదే తల వాల్చి గురక పెట్టింది.

హిందూపురం వచ్చింది. అవ్వను లేపబోయాను. నా భార్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“డాక్టరు వచ్చే వారం గూడా వస్తాడు. ఈమెకు నిద్ర మల్లా యాడొస్తాది? పండుకోనీ.”

చైను లాగి రైలు ఆపానని ఊళ్లో చెప్పుకున్నాను. లాగలేదు. పెట్టె సగం ఖాళీ అయి కిటికీ పక్కన చోటు దొరికింది, కూర్చున్నాను. గౌరీబిదనూరులో అవ్వే మా ఇద్దరినీ తట్టి లేపింది, మీరు యాడ దిగాలమ్మా అని అడుగుతూ.