డజను గాజులు

మా అమ్మాయికి ఆరేళ్ల వయసులో నాన్న అనే మాట వచ్చింది. పై పెదవి మీద వేలితో మీసం దువ్వినట్టు ఒక్క కదలిక, అంతే. పుట్టుకతో వినికిడి లేని పిల్ల నన్ను పిలవడం అదే మొదలు. ఆ రోజు మండల విలేకరిగా నేను పంపాల్సిన రెండు వార్తలూ మర్చిపోయాను. డెస్కు వాళ్లు ఫోన్ చేసి తిడితే నవ్వుతూ పడ్డాను.

అమ్మ అనే మాట మాత్రం రాలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక టీచరు శనివారాల్లో పిల్లలకీ తల్లిదండ్రులకీ కలిపి సైగల భాష నేర్పేవారు. ఆవిడకీ వినపడదు. మాకు అర్థం కాకపోతే కాగితం మీద రాసేవారు. ముక్కుపుడక ఉండే చోట వేలు ఆనిస్తే అమ్మ అని మొదటి వారమే నేర్పారు. మా అమ్మాయి అక్కడ చక్కగా చేసి చూపించింది. ఇంటికొచ్చాక ఒక్కసారీ చేయలేదు.

అది మిరప కోతల కాలం. మా ఆవిడ పొద్దుటి నుంచీ కల్లంలోనే, ఎండిన కాయల్లోంచి రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతూ ఉండేది. పిల్లా ఆమె పక్కనే. మా ఆవిడకి పిన్ని వరసయ్యే ఒక పెద్దావిడ కల్లమంతా వినపడేలా అనేది:

"ఏమే, నాన్నకి మీసం పెట్టింది గానీ నీకు ముక్కు కూడా పెట్టలేదేంటే నీ కూతురు?"

మా ఆవిడ నవ్వేసేది. ఇంటికొచ్చాక నన్నడిగేది. "అన్నం పెట్టేది నేను, జడేసేది నేను. మరి నన్నెందుకు పిలవదండీ?" నేను పేపరు తిరగేసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే పిల్ల కొత్త పేచీ మొదలుపెట్టింది. ఎడమ ముంజేతి చుట్టూ కుడిచేతి వేళ్లు తిప్పి మా మొహాల్లోకి చూసేది. గాజులు కావాలంటోందని తేల్చాం. తిరునాళ్లలో డజను మట్టిగాజులు కొనిచ్చాను. వేసుకుని మురిసిపోయింది. మర్నాడు ఆ గాజుల మీదే మళ్లీ వేళ్లు తిప్పింది.

"ఎన్ని గాజులే నీకు!" అని విసుక్కుంది మా ఆవిడ.

ఓ శనివారం పని వదల్లేక ఆమె రాలేదు. నేనూ పిల్లా వెళ్లాం. అమ్మ ఏదని టీచరు సైగ చేశారు. పిల్ల ముంజేతి చుట్టూ వేళ్లు తిప్పి, ఎక్కడో దూరంగా చెయ్యి చూపించింది. నేను గబగబా కాగితం అందుకుని రాశాను: 'గాజుల పిచ్చండి. డజను కొనిచ్చినా చాల్లేదు.'

టీచరు అది చదివి పిల్ల వైపు తిరిగారు. తన ముక్కు మీద వేలు పెట్టి, ఇదెందుకు చేయవని అడిగారు. పిల్ల వేలిని ముక్కు దాకా తీసుకెళ్లింది. రెండో చేత్తో ఆ చేతిని ఫట్‌మని కొట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, చేత్తో మొహానికి గాలి విసురుకుంది.

కల్లంలో పిల్ల చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మా ఆవిడ కొట్టి దించేసేది. మిరప ఘాటు అంటిన వేలు కంటికో ముక్కుకో తగిలితే గంటసేపు ఏడుపే మరి. ముక్కు దగ్గర మంట కనుక, పిల్ల అమ్మ అనే మాటని తీసుకెళ్లి అమ్మ చేతి గాజుల దగ్గర పెట్టుకుంది.

టీచరు నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. 'గాజుల' అన్న మాట కొట్టేసి, పైన 'అమ్మ' అని రాశారు. ఇన్నేళ్లలో నా వార్తలు ఎంతోమంది దిద్దారు. ఇంత బాగా ఎవరూ దిద్దలేదు.

బస్సు దిగి తిన్నగా కల్లానికి వెళ్లాం. నోటికి గుడ్డ కట్టుకుని కుప్ప ముందు కూర్చుని ఉంది మా ఆవిడ. సంగతి చెప్పాను. చేతిలో కాయలు జారిపోయాయి.

"నెల్లాళ్లుగా పిలుస్తోందా? నన్నేనా?"

లేచింది. ఎత్తుకుందామంటే చేతులనిండా ఘాటు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పిల్ల ముందు వంగింది. పిల్ల గాజుల చుట్టూ వేళ్లు తిప్పింది. మళ్లీ అన్నట్టు తలాడించింది మా ఆవిడ. పిల్ల మళ్లీ తిప్పింది. ఇంకోసారి. ఇంకోసారి.

"చాల్లేవే, ఇక్కడ కాయలెవరేరతారు?" అంది పెద్దావిడ.

"ఉండు పిన్నీ, నెల్లాళ్ల పిలుపులున్నాయి!"

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పెద్దావిడకి వయసుతో పాటు చెవుడొచ్చింది. కాయలు ఏరడం మాత్రం మానలేదు. మొన్న ఆవిడ కూతురు క్యారేజీ పట్టుకుని గట్టు మీద నుంచి ఎంత అరిచినా ఈవిడ తలెత్తలేదు. మా అమ్మాయి ఆమె చేతిలోని క్యారేజీ తను తీసుకుని, ముంజేతి చుట్టూ వేళ్లు ఎలా తిప్పాలో చూపించింది. కల్లంలో మా ఆవిడ పెద్దావిడ భుజం తట్టి, గట్టు మీద వేళ్లు తిప్పుతున్న కూతుర్ని చూపించింది.

"ఎవర్నే, నన్నా?"

మా ఆవిడ ఔనని తలూపింది. పెద్దావిడ మోకాళ్ల మీద చేతులానించి, గుడ్డ చాటున నవ్వుకుంటూ లేచింది.