మొదట కూర్చున్నవారు

పోయిన వారం సోమవారం ఉదయం మా పెద్దమ్మాయి కూతురు, కుప్పంలో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే మనవరాలు, తన ఎర్రని రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మదనపల్లెలో మా వీధి మలుపున ఆపి, రేసు బెల్టులు వేయించాను, ఒకసారి వచ్చి చూడమని పిలిచినప్పుడు, నేను మోకాళ్ల నొప్పి మరిచి గబగబా మెట్లు దిగాను. సెకండ్ హ్యాండులో కొని రెండేళ్లుగా ముద్దు చేసుకుంటున్న ఆ కారును ఆ వారం ఆదివారం చెన్నై దారిలోని రేసు ట్రాకు మీద ఆమె మొట్టమొదటిసారి తోలాలనుకుంది. నడుముకు రెండు, భుజాల మీదుగా రెండు, మొత్తం నాలుగు వెడల్పాటి నల్లని పట్టీలు, అన్నీ కలిసేచోట తిప్పితే ఊడే గుండ్రని బకిలు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. అయితే జీవితమంతా బండ్ల పని చేసినవాణ్ణి గనుక ముచ్చటతో తృప్తిపడక, సీటు వెనక్కి చేయి పోనిచ్చి, భుజాల పట్టీలు ఎక్కడ ముగుస్తున్నాయో తడిమి చూశాను. అవి సీటు వెనుక ఇనుప చట్రానికే బిగించి ఉన్నాయి. ఆ తప్పు నాకు బాగా తెలుసు. ఇంట్లోకి వెళ్లి, బీరువా అడుగు అరలోనుంచి అట్ట చిరిగిన పొడుగు పుస్తకం ఒకటి తీసి చంకన పెట్టుకుని వచ్చి, బెల్టులు బిగించిన షాపుకే పోదాం పదమని కారెక్కాను.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మా మేనమామ పుంగనూరులో జట్కా గుర్రాలకు తోలు పట్టీలు కుట్టేవాడు. జట్కాలు తగ్గి జీపులు పెరిగాక అదే సూదితో, అదే మైనపు దారంతో జీపు సీట్లకు రెగ్జిను కుట్టడం మొదలుపెట్టాడు. నేను పదో తరగతి ముగించి, మెకానిక్ పని కొంత నేర్చుకుని ఆయన షెడ్డులో చేరాను. చేసిన ప్రతి పనినీ పుస్తకంలోకి ఎక్కించాలన్నది ఆయన నాకు పెట్టిన మొదటి నియమం. ఏ బండి, ఏ పని, ఏ సరుకు, ఎవరు చేశారు అన్న గళ్ల తరువాత కుడివైపు చివర ఇంకొక గడి ఉండేది. దాని నెత్తిన ఆయన గుండ్రని అక్షరాలతో ‘మొదట కూర్చున్నవారు’ అని రాసి ఉంచాడు. కొత్త పట్టీలు వేసిన గుర్రాన్ని బండికి కట్టినప్పుడు, కుట్టినవాడే మొదట ఎక్కి కూర్చుని ఊరి చుట్టూ ఒక తిప్పు తిరిగి రావాలి, ఆ తరువాతే బండిని యజమానికి అప్పగించాలి; ఆ పనివాళ్ల ఆచారం అది. పట్టీ తెగితే పడేది కుట్టినవాడే కావాలన్నది అందులోని ధర్మం. మామ తలపాగా సర్దుకుని, ఎవరో పిలిచి కూర్చోబెట్టినట్టు నిటారుగా జట్కాలో సాగిపోతూ ఉంటే, మా అత్త వాకిట్లో నిలబడి, “సూడండమ్మా, మా పెండ్లికొడుకు మళ్లా ఊరేగింపు బయలుదేరినాడు” అని వీధంతా వినబడేటట్టు ఎగతాళి చేసేది. ఆయన మాత్రం నవ్వకుండా తిరిగివచ్చి, చేతులు కడుక్కుని, ఆ చివరి గడిలో తన పేరు రాసేవాడు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు కుప్పం నుంచి ఒక రాళ్ల క్వారీ యజమానిగారి తమ్ముడు, మేము చిన్న సావుకారు అని పిలిచే మనిషి, మా షెడ్డుకు వచ్చాడు. బెంగుళూరు వైపు జరిగే కార్ల పందేలకు పోయే సరదా ఉన్నవాడు. తన పొట్టి స్పోర్ట్స్ కారుకు వేయమని విదేశం నుంచి తెప్పించుకున్న నాలుగు పట్టీల సెట్టు ఒకటి మా ముందు పెట్టాడు. వాటితో వచ్చిన కాగితం మాకెవరికీ తెలియని భాషలో ఉంది, బొమ్మ ఉన్న సగం తడిసి చెరిగిపోయి ఉంది. నేను రోజంతా కూర్చుని, భుజాల పట్టీలను సీటు చట్రానికి, మంచి బోల్టులు చూసి మరీ బిగించాను. సాయంత్రం మామ వచ్చి కారు చుట్టూ తిరిగి వంగి చూశాడు.

“ఈ పట్టీ యాడికి పట్టుకొనుండాదిరా?”

“సీటుకు మామా.”

“మరి సీటు యాడికి పట్టుకొనుండాది?”

నాకు నవ్వొచ్చింది. “దాని పేరే సీటు బెల్టు గదా మామా. సీటుకు గాక ఇంక దేనికేస్తారు?”

చదువుకున్న మేనల్లుడి ముందు ఆయన వెనక్కి తగ్గాడు. ఒక్కటి మాత్రం అడిగాడు, కూర్చుని ఒక తిప్పు తిరిగి రమ్మని. ఇది గుర్రం కాదు మామా, కారు అన్నాను. ఆ పేజీలో చివరి గడి ఖాళీగా మిగిలింది.

నాలుగో రోజు మదనపల్లె దారిలోని వాలులో గేదెల మంద అడ్డం రావడంతో చిన్న సావుకారు బ్రేకు తొక్కగా, కారు జారి పక్కనున్న చింతచెట్టును గుద్దుకుంది. పట్టీలు తెగలేదు, బకిలు ఊడలేదు, నేను బిగించిన బోల్టులు ఇసుమంతైనా కదలలేదు. అడుగు రేకును చీల్చుకుని సీటే లేచివచ్చి, తాను గట్టిగా కౌగిలించుకున్న మనిషితో సహా స్టీరింగు మీద పడింది. మెడ దగ్గరి ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన తలవంచుకుని నిలబడిన నాకు తిట్లు పడి ఉంటే భారం తీరేది. ఆయన కట్ల మధ్య నుంచి, నవ్వితే నొప్పి పుడుతున్నా నవ్వుతూ, “బో గట్టిగా కట్టినావుప్పా. సీటు కూడా నన్నిడిసిపెట్టలేక నా ఎంటనే వచ్చె” అన్నాడు. ఆ మాటకు ఆయన భార్య కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అన్నం తినేటప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి ఆ దృశ్యం అడ్డం వస్తుంది.

మూడు నెలల తరువాత ఆయన కొత్త పట్టీల సెట్టుతో మళ్లీ మా షెడ్డుకే వచ్చాడు. ఒకసారి దెబ్బకు సాగిన పట్టీ ఇక పనికిరాదని ఆయనే చెప్పాడు. జట్కాలో తోలు పట్టీని బండి బరువు లాగే నొగ కర్రకు కట్టినట్టు, బరువు మోసేదానికే పట్టీని కట్టాలన్న మామ మాట విని, సీట్ల వెనుక, భుజాల ఎత్తున, కారు బాడీ ఈ పక్క స్తంభం నుంచి ఆ పక్క స్తంభానికి లావుపాటి గొట్టాన్ని వెల్డింగు చేయించి భుజాల పట్టీలు దానికి వేశాం; నడుము పట్టీలకు అడుగున మందపాటి ఇనుప పలకలు పెట్టాం. ఈసారి నేనే కూర్చుని అదే వాలుకు తోలుకుపోయి, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బ్రేకు తొక్కాను. పట్టీ భుజాన్ని కొరికి పట్టి నన్ను సీట్లోనే నిలిపింది. తిరిగివచ్చి కొత్త పేజీలో నా పేరు రాసి, పాత పేజీలోని ఖాళీని కూడా నింపబోతే, మామ నా మణికట్టు పట్టుకున్నాడు. “దాన్నట్లే ఇడిసిపెట్టు. ఖాళీగా ఉంటేనే అది నిజం” అన్నాడు.

ఆ ఖాళీ ఉన్న పేజీనే ఆ సోమవారం నేను షాపులో కౌంటరు మీద తెరిచిపెట్టింది. బిగించిన మనిషి ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. ముందు కాఫీ తెప్పించాడు.

“ఏం కాదు తాతా, నువ్వు యాల భయపడతాండావు? ఇట్లాంటివి శానా బిగించుండాము. వీడియో సూసే చేసినాం.”

నేను మా మామ అడిగిన రెండు ప్రశ్నలూ అడిగాను. పట్టీ సీటుకు అన్నాడు. సీటు దేనికి అంటే, రేకుకు అన్నాడు. నేను కోపం అణచుకుని పుస్తకంలో ఆ చివరి గడి చూపించాను.

“అయితే నువ్వు మొదట కూసోప్పా. బయట మైదానంలో జోరుగా తోలి, ఒక్కసారి బ్రేకు గట్టిగా తొక్కి రా. మా పిల్ల ఆదివారం చేయబోయేది అదే గదా.”

అతడు నవ్వుతూనే తాళాలు అందుకున్నాడు, నవ్వుతూనే సీట్లో కూర్చున్నాడు. బకిలు వేసుకోబోయి, చేయి ఆపి, వెనక్కి తిరిగి ఆ బోల్టులను చూశాడు. ఆ చూపు నాకు చాలు. కాసేపటికి దిగివచ్చి స్పానరు తీసుకుని, వాటిని తానే విప్పుతూ, తల ఎత్తకుండా అడిగాడు: “మరి యాడికి బిగించల్ల తాతా?”

గొట్టానికి, పలకలకు వారం పట్టింది. ఆదివారం దాటిపోయింది. మనవరాలు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఫోను చేసి, “నా ఆదివారాన్ని మింగేసినావు గదా తాతా, అరిగిందా?” అంది. వచ్చే నెల మళ్లీ ఒక ఆదివారం ఉంటుందన్నాను. నిన్న ఆ షాపు మనిషి తానే బకిలు వేసుకుని మైదానంలో రెండుసార్లు జోరుగా తోలి, బ్రేకు తొక్కి, భుజం రుద్దుకుంటూ వచ్చి, “పుస్తకం యాడుండాది తాతా? నా పేరు రాసుకో” అన్నాడు. పెన్ను అతడికే ఇచ్చాను.

ఇప్పుడు ప్రతి వస్తువుకూ గ్యారంటీ కార్డు ఉంది, మెరిసే స్టిక్కరు ఉంది, పెట్టె మీద నక్షత్రాలున్నాయి. తయారుచేసేవాడు ఒక దేశంలో, బిగించేవాడు ఒక ఊళ్లో, కూర్చునేవారు మరొక చోట. ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. ఆ కార్డులన్నీ నేను కళ్లజోడు పెట్టుకుని ఓపికగా చదువుతాను. మా మామ గుండ్రని అక్షరాలతో రాసిన ఆ చివరి గడి వాటిలో ఎక్కడా కనిపించదు. నిన్న రాత పూర్తయ్యాక, పుస్తకం మూసేముందు, నా పాత పేజీ తిప్పి చూశాను. అన్నేళ్ల కాగితం అంచులన్నీ పసుపెక్కిపోయాయి. ఆ గడి మాత్రం ఎవరో వచ్చి కూర్చోవాలని ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉంది.